ఏ రోజని అడిగిన గంగారత్నం

అధ్యక్ష పదవికి నిలబడ్డ మనిషి మాట్లాడుతుంటే మధ్యలో అడ్డు తగలడం మర్యాద కాదని మొదట ఎవరు చెప్పారో గాని, ఆయన తప్పకుండా ఏదో ఒక సంఘానికి అధ్యక్షుడే అయి ఉంటాడు. ఆ మర్యాద ఒంటబట్టని మనిషి కువైట్‌లో ఒకావిడ ఉండేది. పేరు గంగారత్నం. ఊరు కోనసీమలో, ముమ్మిడివరానికి అవతల. జహ్రాలో ఒక కువైటీ ఇంట్లో వంటా ఇస్త్రీ చేసేది. ఇంటావిడను అందరు పనివాళ్ళలాగే మామా అని పిలిచేది. ఆ మామా కూడా గంగారత్నాన్ని నోరు మూసుకోమని ఏనాడూ అనలేదు. అన్నా లాభం లేదని మొదటి నెలలోనే తెలిసిపోయి ఉంటుంది.

నోరే ఆవిడ వృత్తి మరి. మేనమామ బుర్రకథ దళంలో పరికిణీలు కట్టే వయసు నుంచీ వంత. బుర్రకథలో ముగ్గురు నిలబడతారు. నడుమ తంబురా పట్టుకుని కథకుడు, అటూ ఇటూ డక్కీలు వాయిస్తూ ఇద్దరు వంతలు. ఒక వంత లోకం సంగతులు మాట్లాడితే రెండో వంత నవ్విస్తుంది. గంగారత్నం నవ్వించే వంత. ఊళ్ళో ఎవడైనా ఎవడికైనా తల ఊపుతుంటే వాడికి వంత పాడుతున్నాడంటాం గాని, అలా అనేవాళ్ళు బుర్రకథ సరిగ్గా విని ఉండరు. రాజుగారు కోటలో ప్రవేశించారని కథకుడు అంటే, ఏ గుమ్మంలోంచండీ అని వంత అడుగుతుంది. చెప్పకుండా కథ ముందుకు సాగదు. వంత అడిగేది తన కోసం కాదు, చివరి వరసలో పిల్లనెత్తుకుని నిలబడ్డ మనిషి కోసం.

ఆ దళంలో కథకుడు అచ్చిబాబు. తంబురా మీటుతూ ఆయన, డక్కీ వాయిస్తూ ఆవిడ, గోదావరి రెండు పాయల మధ్యా తిరగని ఊరు లేదు. అలా తిరుగుతూనే పెళ్ళి చేసుకున్నారు. తరవాత ఊరూరా సినిమా డేరాలు లేచాయి, బుర్రకథ కట్టించేవాళ్ళు తగ్గారు. అది చాలదన్నట్టు అచ్చిబాబు గొంతులో కాయ లేచింది. కాకినాడలో డాక్టర్లు కోసి తీశారు గాని, కాయతోపాటు గొంతూ పోయింది, గుసగుస మాత్రం మిగిలింది. కథకుడు లేకుండా వంతకు పనేముంటుంది? డెబ్భై ఎనిమిదిలో గంగారత్నం విమానమెక్కింది. డక్కీని ఇంటి దూలానికి తగిలించి వచ్చింది.

ఇక సంఘం సంగతి. అబ్బాసియాలో మనవాళ్ళు పెట్టుకున్న సంఘానికి రెండేళ్ళకోసారి అధ్యక్షుడి ఎన్నిక. ఎన్నికకు ముందు శుక్రవారం అభ్యర్థుల చర్చాసభ అని ఒకటి జరిగేది. పేరుకే చర్చ. ఒక హోటలు మేడ మీద వేదిక కట్టేవారు. దాని మీద కుర్చీలు, కుర్చీల్లో పెద్దలు, పెద్దల మెడల్లో దండలు. ముందు జ్యోతి వెలిగించడం, తరవాత ప్రార్థనాగీతం, తరవాత ముఖ్య అతిథి. ముఖ్య అతిథి మాట్లాడటం మొదలుపెడితే ఆయన చిన్నతనం నుంచీ వినాలి. అభ్యర్థుల వంతు వచ్చేసరికి ఎండ తిరిగిపోయేది. ప్రశ్నలున్నవాళ్ళు చీటీ మీద రాసి కార్యదర్శికి ఇవ్వాలని నియమం. రాయడం రానివాళ్ళకు ప్రశ్నలుండవని వాళ్ళ లెక్క కాబోలు. ఆ చీటీలు విప్పే వేళకు కింద క్యాంపు బస్సు హారను కొట్టేది. నిజామాబాదు నుంచీ జగిత్యాల నుంచీ వచ్చిన కూలీలంతా చెప్పులు వెతుక్కుంటూ లేచిపోయేవారు. సంఘం సభ్యుల్లో సగం మంది వాళ్ళే. మిగిలినవాళ్ళు సమోసాలు తిని, సభ దిగ్విజయమైందని చెప్పుకునేవారు.

ఎనభై ఒకటిలో పోటీకి దిగినవాళ్ళలో కుక్కుటేశ్వరరావు ఒకడు. షర్క్‌లో ఒక కంపెనీ ఆఫీసులో పెద్ద గుమాస్తా. పాలకొల్లు వైపు మనిషి, మంచివాడే. కాకపోతే మైకు కనిపిస్తే ఆగలేడు. తెలుగు వాక్యాన్ని కొబ్బరితాడులా పేనుతూ పోవడమే తప్ప ముడి వెయ్యడం ఆయనకు చేతకాదు.

ఆ శుక్రవారం గంగారత్నానికి సెలవు దొరికింది. ముందు రోజు మామా ఇంట్లో పెద్ద విందు జరగడంతో ఆవిడకు కంటి మీద కునుకు లేదు. సభలో వెనక వరస గోడకు ఆనుకుని కూర్చుంది. కళ్ళు మూతలు పడుతున్నాయి. వేదిక మీద కుక్కుటేశ్వరరావు చెయ్యి పైకెత్తి రాగం తీస్తున్నాడు.

"గోదావరి తల్లి ఒడిలో పుట్టి, ఈ ఎడారి తల్లి ఒడిలో చెమటోడుస్తున్న మన ఆడపడుచులకు ఏ కష్టం వచ్చినా, ఏ ఇంట కన్నీరు కారినా, ఆ ఇంటి గడప తొక్కుతాం!"

తొక్కుతాం అని చప్పట్ల కోసం ఆగాడు. అచ్చిబాబు కూడా సరిగ్గా అలాగే ఆగేవాడు. ఆ ఆగడం చెవిన పడేసరికి నిద్రమత్తులో ఉన్న గంగారత్నం నోరు దానంతటదే తెరుచుకుంది.

"తందానా తాన!" అంది, ఊరు ఊరంతా వినేట్టు. అక్కడితో ఆగినా బాగుండేది. "ఆహాహా! మరెప్పుడు తొక్కుతారండి?"

మేడంతా గొల్లుమంది. ముఖ్య అతిథి కూడా నవ్వి, తరవాత నవ్వనట్టు దగ్గాడు. గంగారత్నానికి అప్పుడు పూర్తిగా మెలకువ వచ్చింది. చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది గాని, మాట అప్పటికే గోడలన్నీ తిరిగి వచ్చింది. ఇలాంటి పొరపాటు చెయ్యాలంటే ముప్పై ఏళ్ళు డక్కీ వాయించి ఉండాలి.

కుక్కుటేశ్వరరావు కాగితాలు అటూ ఇటూ తిప్పాడు. "త్వరలో" అన్నాడు.

తలుపు దగ్గర చెప్పులు తొడుక్కుంటున్న ఒక కూలీ ఆగాడు. పోశన్న అతని పేరు, జగిత్యాల వైపు తాపీమేస్త్రి. "త్వరలంటే ఎప్పుడు సార్? గా అక్క అడిగింది మంచి మాటనే గదా. జెప్పుర్రి, మా బస్సు పోతది" అన్నాడు.

కార్యదర్శి గంట కొట్టాడు. సభలో గంట ఉండేది అందుకే. ఆ ఎన్నికలో పాత అధ్యక్షుడే మళ్ళీ గెలిచాడు. ఆ తందాన వల్లే ఓడిపోయానని కుక్కుటేశ్వరరావు చాలాకాలం చెప్పుకున్నాడు. గంగారత్నం సిగ్గుతో కొన్ని నెలలపాటు అబ్బాసియా ముఖం చూడలేదు.

అప్పటికి కొద్ది నెలల ముందే ఆ దేశపు శాసనసభకూ ఎన్నికలు జరిగాయి. జహ్రాలో గంగారత్నం పనిచేసే ఇంటి దివానియాకు, అంటే మగవాళ్ళు కూర్చుని మాట్లాడుకునే బయటి చావడికి, పోటీచేసేవాళ్ళు వచ్చేవారు. ఆడవాళ్ళు అందులోకి వెళ్ళరు. గంగారత్నం వంటింట్లో చాయ్ కాచి పళ్ళెం అందిస్తూ, కిటికీలోంచి చూసేది. అక్కడ వేదిక లేదు, దండలు లేవు. గోడల వెంట పరుపులు వేసి ఉండేవి. ఓటడగడానికి వచ్చినవాడూ, ఓటు వేసేవాడూ అదే పరుపు మీద మోకాలికి మోకాలు తగిలేలా కూర్చునేవారు. వచ్చినవాడు నాలుగు మాటలు చెప్పేవాడు, ఒక ముసలాయన జపమాల తిప్పుతూ ఏదో అడిగేవాడు, వచ్చినవాడు జవాబు చెప్పేదాకా గదిలో ఎవరూ చాయ్ ముట్టేవారు కాదు. మాటలు సగమే అర్థమైనా, ఆ చల్లారిపోతున్న చాయ్ గ్లాసుల అర్థం గంగారత్నానికి బాగానే తెలిసింది. అచ్చంగా మన వంత పనే కదా అనుకుంది.

మరుసటి ఏడు పక్కింటి ప్రహరీ కట్టడానికి వచ్చిన మేస్త్రీల్లో పోశన్న ఉన్నాడు. గేటు దగ్గర ఆవిడను గుర్తుపట్టాడు.

"నువ్వేనా అక్కా, గా తందాన అన్న ఆమెవి? మా క్యాంపుల నీ ముచ్చటనే. అన్నం తినేటప్పుడు ఎవడన్న కోతలు కోస్తే, 'తందానా, ఎప్పుడ్రా?' అంటున్నరు."

"సిగ్గు తియ్యకయ్యా. నిద్దట్లో అన్నాను."

"నిద్రల అన్నా నిజమే అన్నవు. మేం ఓట్లకు అచ్చుడు గావాలె గని మేం అడుగుడు వద్దట. ఈసారి చర్చ గట్లనే పెడితే మేం రాం. సంఘపోళ్ళకు చెప్పి పంపినం."

గంగారత్నం అతనికి మంచినీళ్ళిస్తూ దివానియాలో చూసిందీ, బుర్రకథలో చేసిందీ కలిపి చెప్పింది. పోశన్న నీళ్ళు తాగడం మరిచిపోయి విన్నాడు. ఆ మాట క్యాంపుకు వెళ్ళింది, క్యాంపు నుంచి అబ్బాసియాకు వెళ్ళింది. సగం మంది సభ్యులు రామంటే ఏ కమిటీ అయినా మెత్తబడుతుంది. నెలల తరబడి తర్జనభర్జనలు పడి చివరికి ఒప్పుకున్నారు. ఎనభై మూడు ఎన్నికకు వేదిక తీసేసి చాపలు పరచాలి. జ్యోతి, ముఖ్య అతిథి వద్దు. అభ్యర్థి పక్కన వంత కూర్చుంటుంది, అడిగినదానికి చెప్పేదాకా అభ్యర్థి ముందుకు పోకూడదు. బస్సు కదిలేలోగా అక్కడే ఓట్లు వెయ్యాలి. వంతగా ఎవరంటే, ఇంకెవరు?

రెండోసారి నిలబడుతున్న కుక్కుటేశ్వరరావు మాత్రం గట్టిగానే అన్నాడు. "ఆవిడ ఒకసారి నా పరువు తీసింది చాలదా అండీ? మళ్ళీ పక్కన కూర్చోబెట్టి తీయిస్తారా?"

"పోటీదారుడికీ ఆవిడే వంత. ఇద్దరి పరువూ సమానంగా పోతుంది" అన్నాడు కార్యదర్శి. ఆ న్యాయాన్ని ఆయన ఒప్పుకోక తప్పలేదు.

ఈ లోపల సూరాయమ్మ కష్టం వచ్చి పడింది. సూరాయమ్మ ఆ పక్కింట్లోనే పనిమనిషి, రాజోలు వైపు పిల్ల. చిన్న కూతురికి పాలు మాన్పించి, తల్లి దగ్గర వదిలి వచ్చింది. ఆ ఇంటి ముసలావిడకు సేవ చెయ్యడానికి తెచ్చుకున్నారు. ముసలావిడ పోయింది. గడువూ తీరింది. పాస్‌పోర్టు మాత్రం కఫీల్, అంటే పూచీపడి తెచ్చుకున్న యజమాని, దగ్గరే ఉంది. ఆయన పేరు అబూ సాలిహ్. కొట్టేవాడూ తిట్టేవాడూ కాదు, అన్నం దగ్గర లోటు చెయ్యడు. ఇంటికి పంపమంటే మాత్రం "బుక్రా, ఇన్షా అల్లా" అంటాడు. రేపు అన్నమాట. ఆ రేపు ఏడాది నుంచీ వస్తూనే ఉంది. మధ్యలో తన చెల్లెలి ఇంటికి పనికి పంపుతానన్న మాట కూడా వినపడుతోంది. చెడ్డవాడితోనైతే పోట్లాడొచ్చు. మంచిగా రేపు అనేవాడితో ఏం పోట్లాడతాం?

ఊరి నుంచి ఒక ఫొటో వచ్చింది. అందులో చిన్నది పలక పట్టుకుని నిలబడి ఉంది.

"బళ్ళోకెల్లిపోతందక్కా" అంది సూరాయమ్మ. ఫొటోను రెండు గోడల మధ్య సందులో నిలబడి చూపించింది. "మా అమ్మనే అమ్మా అంటందంట. నేనెవర్నని సెప్పాలి దానికి?"

ఈ పిల్ల ఇంటికి వెళ్ళాలి. అది తప్ప గంగారత్నానికి ఇంకేమీ అక్కర్లేకపోయింది. సంఘం పెద్ద ఒకరు వచ్చి మర్యాదగా అబూ సాలిహ్ ఎదుట కూర్చుంటే పని జరుగుతుందని ఆవిడ నమ్మకం. పనిమనిషి అడిగితే బుక్రా అనొచ్చు. పెద్దమనిషి వచ్చి అడిగితే సమాధానం చెప్పాలి.

"శుక్రవారం రాయే నాతోటి" అంది. "అందరి ముందూ అడుగుతాను. ఏ రోజొత్తారో సెప్పందే వొదల్ను."

ఆ శుక్రవారం హోటలు మేడ నిండిపోయింది. చాపల మీద క్యాంపు మనుషులు ముందు వరసలో కూర్చున్నారు. ఆడవాళ్ళ వైపు సూరాయమ్మ, గంగారత్నం వెనకాలే. డక్కీ లేదు గనక హోటలు వంటవాడిచ్చిన ఖాళీ నేతిడబ్బా బోర్లించుకుని గంగారత్నం సిద్ధమైంది. వేళ్ళు డబ్బాను తాకగానే ఐదేళ్ళ వంటా ఇస్త్రీ ఎటుపోయాయో తెలీలేదు.

మొదట పోటీదారుడు నాగేశ్వర వంతు. ఒక కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరు, చలాకీ మనిషి. మాటకు మాట తగిలించడం అతనికి పుట్టుకతో వచ్చింది. అతను ఒకటంటే గంగారత్నం ఒకటంది. సంఘానికి సొంత వాహనం కొంటానన్నాడు.

"ఎవరు తోల్తారండి?"

"మీరే తోలాలి. మీ నోటికి భయపడి ఎడారిలో ఒంటెలు కూడా దారిస్తాయి."

జనం పొట్టలు పట్టుకున్నారు. గంగారత్నం డబ్బా దరువు వేసింది. చాలా ఏళ్ళ తరవాత జనం నవ్వు ఎదురుగా కూర్చుని వింటోంది కదా, ఆవిడకు ఒళ్ళు తెలియలేదు. అదే ఊపులో అసలు ప్రశ్న వేసేసింది.

"అదలా ఉంచండి. జహ్రాలో మన పిల్లొకత్తి ఇంటికెల్లలేక ఏడుత్తంది. ఆ కఫీల్ తలుపు ఏ రోజు కొడతారండి?"

"మీరు చాయ్ పెట్టి పిలిచిన రోజు!" అన్నాడు నాగేశ్వర. "అదీ ఏలక్కాయ వేస్తేనే!"

మేడ మళ్ళీ దద్దరిల్లింది. నవ్వు ఆగేసరికి అతను పండగలకు తీసుకొచ్చే సినిమాల దగ్గరికి వెళ్ళిపోయాడు. గంగారత్నం చేతులు డబ్బా మీద అలాగే ఉండిపోయాయి. ప్రశ్న ఎటుపోయింది? నవ్వులో కొట్టుకుపోయింది. కథకుడు పారిపోకుండా గుమ్మంలో నిలబడాల్సిన వంత, తానే దొడ్డితలుపు తీసి సాగనంపింది. వెనక్కి తిరిగి చూసింది. అందరూ కళ్ళు తుడుచుకుంటున్నారు నవ్వి నవ్వి. సూరాయమ్మ ఒక్కతే నవ్వలేదు. తప్పు నాదేనే అనుకుంది గంగారత్నం, నేను నవ్వించే వంతనే, నాకు ఇంకొకటి రాదే అనుకుంది. ఆవిడకు ఏడుపొచ్చింది.

తరవాత కుక్కుటేశ్వరరావు చాప మీద సర్దుకుని కూర్చున్నాడు. గంగారత్నం నేతిడబ్బాను పక్కకు నెట్టేసింది. ఆయన దాన్నీ ఆవిడనూ అనుమానంగా చూశాడు. రాగం ఎత్తుకున్నాడు. గోదావరి వచ్చింది, ఎడారి వచ్చింది, సంస్కృతి వచ్చింది. ఆవిడ ఊరుకుంది. ఏ ఒక్క మాటనూ పట్టుకోలేదు. జనం విసుక్కుంటున్నారు కూడా. చివరికి ఆడపడుచులు వచ్చారు.

"ఏ ఇంట కన్నీరు కారినా ఆ ఇంటి గడప తొక్కుతామని నేను ఆనాడే..."

"జహ్రాలో అబూ సాలిహ్ గారిల్లండి" అంది గంగారత్నం మామూలు గొంతుతో. "పిల్ల పేరు సూరాయమ్మ. అదిగో, నా ఎనకాలే ఉంది. పాస్‌పోర్టు ఇవ్వట్లేదండి. ఏ రోజొత్తారండి?"

ఎవరో నవ్వబోయారు. అందులో నవ్వడానికేమీ దొరక్క ఆగిపోయారు.

"సంఘం తరఫున తప్పకుండా తగిన చర్య..."

"ఏ రోజండి?"

"అమ్మా, ఇలాంటివి కొంచెం ఆలోచించి, రాయబార కార్యాలయం వారితో..."

"ఏ రోజండి?"

ఆ గొంతులో కోపం లేదు, వెటకారం లేదు. గుమ్మంలో నిలబడ్డ మనిషి, దారివ్వదు, అంతే. కుక్కుటేశ్వరరావు కళ్ళజోడు తీశాడు. తీసి సూరాయమ్మ వైపు చూశాడు. ఆయన ఎన్నో ఉపన్యాసాల్లో ఆడపడుచుల గురించి మాట్లాడాడు గాని, ఒక ఆడపడుచు ముఖం చూస్తూ మాట్లాడటం అదే మొదలు కావచ్చు.

"శనివారం" అన్నాడు. "రేపే. పొద్దున సెలవు పెట్టి వస్తాను." ఆయన వేసిన మొదటి ముడి అదే.

"ఓట్ల కోసం" అన్నారెవరో.

వెంటనే ఓట్లు వేశారు. నాగేశ్వర భారీగా గెలిచాడు. నవ్వించినవాడికి ఓటెయ్యడం మనకు వెన్నతో పెట్టిన విద్య, ఇందులో ఆశ్చర్యపడేదేమీ లేదు. అతన్ని భుజాల మీదికి ఎత్తారు, వద్దనుకున్న దండలు ఎక్కణ్ణుంచో వచ్చాయి. కుక్కుటేశ్వరరావు సమోసా కూడా ముట్టకుండా మెట్లు దిగి వెళ్ళిపోయాడు. పోశన్న బస్సెక్కుతూ, "అక్కా, చర్చ మంచిగైంది గని, నవ్వుకే ఓటేసినం పో" అన్నాడు దిగులుగా. అతను కూడా అదే చేశాడన్నమాట.

బస్సులో జహ్రాకు తిరిగొస్తూ సూరాయమ్మ అడిగింది. "ఓడిపోయారుగదక్కా. ఇంకొత్తారేటి?"

"ఆశ పెట్టుకోకే" అంది గంగారత్నం. గెలిచినవాణ్ణి గెలిపించింది ఆవిడ డబ్బా దరువే. ఓడినవాణ్ణి ఓడించింది ఆవిడ ప్రశ్నే. ఈ రెండింటిలో ఏది ఎక్కువ బాధపెట్టిందో ఆవిడకే తెలియలేదు.

శనివారం పొద్దున గంగారత్నం వాకిలి కడుగుతోంది. నిజానికి ఆ వాకిలి అప్పటికే ఒకసారి కడిగింది. వీధి మలుపులో ఒక పాత డాట్సన్ కారు ఆగింది. కుక్కుటేశ్వరరావు దిగాడు, కోటు తొడుక్కుని, టై కట్టుకుని, చెమటలు కక్కుతూ.

"అబూ సాలిహ్ గారిల్లు ఏదమ్మా?"

గంగారత్నం చేతిలో చీపురు అలాగే ఉంది. "ఒచ్చేరా బాబూ" అంది.

"శనివారమన్నాను కదా."

మామా పక్కింటావిడకు ఫోను చేసి, చాయ్ పళ్ళెంతో గంగారత్నాన్ని కూడా పంపింది. అబూ సాలిహ్ తన ఇంటి ముందు నీడలో కుర్చీ వేయించి అతిథిని ఆదరంగా కూర్చోబెట్టాడు. సూరాయమ్మ తలుపు వెనక నిలబడింది. కుక్కుటేశ్వరరావుకు ఆఫీసులో ఈజిప్టువాళ్ళ దగ్గర నేర్చుకున్న పుస్తకాల అరబ్బీ వచ్చు. ఆ అరబ్బీలోనూ ఆయన గోదావరినే పారించాడు. సలాములయ్యాయి, కుశలప్రశ్నలయ్యాయి, పోయిన ముసలావిడకు సంతాపమయింది, రెండు దేశాల స్నేహం కూడా అయింది. అబూ సాలిహ్ తల ఊపుతూ వింటున్నాడు. గంగారత్నం నాలుక దురద పెట్టింది. కానీ ఇక్కడ ఆవిడ పనిమనిషి, అడగడానికి లేదు. చాయ్ పోస్తూ నిలబడింది.

చివరికి కుక్కుటేశ్వరరావు సంగతికి వచ్చాడు. అబూ సాలిహ్ గుండె మీద చెయ్యి వేసుకున్నాడు.

"బుక్రా, ఇన్షా అల్లా."

అయిపోయింది అనుకుంది గంగారత్నం. ఈయన కృతజ్ఞతలు చెప్పి, ఇంకో ఉపన్యాసమిచ్చి లేస్తాడు.

కుక్కుటేశ్వరరావు లేవలేదు. చాయ్ గ్లాసును ముట్టకుండా పక్కన పెట్టాడు. కళ్ళజోడు తీశాడు. "ఏ రోజు?" అన్నాడు అరబ్బీలో, ముక్తసరిగా.

"త్వరలో. ఈ నెల పోనీ."

"ఏ రోజు?"

కోపం లేదు, వెటకారం లేదు. ఆ గొంతు ఎక్కడిదో గంగారత్నానికి తెలుసు. అబూ సాలిహ్ ఆయన వైపు చూశాడు, చల్లారుతున్న గ్లాసు వైపు చూశాడు. అతిథి చాయ్ తాగకుండా కూర్చోవడం అంటే ఏమిటో ఆ దేశంలో ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు.

"ఏ రోజు?" అన్నాడు కుక్కుటేశ్వరరావు మూడోసారి.

అబూ సాలిహ్ పెద్దగా నిట్టూర్చాడు. తరవాత నవ్వేశాడు. లేచి లోపలికి వెళ్ళి పాస్‌పోర్టు తెచ్చి చాయ్ గ్లాసు పక్కన పెట్టాడు. "ఈ గురువారం. టికెట్ నాది. ఖలాస్. ఇక తాగవయ్యా" అన్నాడు.

కుక్కుటేశ్వరరావు చల్లారిన చాయ్ గటగటా తాగేశాడు. తలుపు వెనక సూరాయమ్మ కూలబడి ఏడ్చింది.

కారు దాకా సాగనంపుతూ గంగారత్నం ఆగలేకపోయింది. "మిమ్మల్ని ఓడగొట్టింది నేనేనండి బాబూ. ఆ నాగేశ్వరతో అలా నవ్వించుండకపోతే..."

"ఓడగొట్టావు" అన్నాడాయన. టై ఊడదీసి జేబులో పెట్టుకున్నాడు. "గెలిచుంటే ఈ పూట సంఘంలో దండలు వేయించుకుంటూ ఉండేవాణ్ణి గంగారత్నమ్మా. శనివారమన్న మాట గుర్తుండేదో లేదో. నిజం చెప్తున్నాను."

గంగారత్నం కారు తలుపు తీసి పట్టుకుంది. అలాంటి మాటకు వంత ఉండదు.

తరవాత ఎన్నికల్లోనూ చాపలే పరిచారు, అభ్యర్థి పక్కన వంత కూర్చుంది. కాకపోతే ఇద్దరు వంతలు, బుర్రకథలో ఉన్నట్టే. నవ్వించడానికి గంగారత్నం. రెండో వంత కుక్కుటేశ్వరరావు. ఆయన మళ్ళీ పోటీకి నిలబడలేదు. చిత్రమేమిటంటే, ఆ చాప మీద ఆయన ఒక్కటంటే ఒక్క ప్రశ్నే అడిగేవాడు, అదీ రెండే మాటల్లో.

సూరాయమ్మ వెళ్ళిన కొన్నాళ్ళకు, ఊరి నుంచి వస్తున్న ఒకాయన చేత ఒక క్యాసెట్ పంపింది. గంగారత్నం వంటింట్లో మామా టేప్‌రికార్డరులో పెట్టుకుని వింది. అందరి క్షేమాలూ చెప్పింది సూరాయమ్మ. అచ్చిబాబుగారింటికి వెళ్ళానని, దూలానికున్న డక్కీకి దుమ్ము దులిపానని చెప్పింది. తరవాత గొంతు తగ్గించింది.

"చిన్నది నా దగ్గరికి రావట్లేదక్కా. అన్నం పెడితే తింటంది, జడేత్తే ఏయించుకుంటంది. పిలవాల్సొత్తే 'ఇదిగో' అంటంది. అమ్మా అనట్లేదు. ఏ రోజంటావని అడగడానికి ఇక్కడ నీలాంటోళ్ళెవరూ లేరు. పోన్లే. ఎదురుగుండా ఉందిగదా, సూత్తన్నాను, అదే సాలు."

గంగారత్నం చెంగుతో ముఖం తుడుచుకుంది. టేపు ఇంకా తిరుగుతోంది. సూరాయమ్మ అయిపోయిందనుకుని పక్కకు వెళ్ళినట్టుంది. ఎక్కడో గిన్నెలు సర్దుతున్న చప్పుడు, కోడి అరుపు. తరవాత దగ్గరగా, మైకు మీద మూతి పెట్టినట్టు, ఒక చిన్న గొంతు వినిపించింది.

"అమ్మా, నువ్వు పెట్టిందింకా తిరుగుతానే ఉందే. ఆపెయ్యనా?"

టక్కుమని ఆగిపోయింది.

గంగారత్నం టేపును వెనక్కి తిప్పి మళ్ళీ వింది. పొయ్యి మీద మామా వాళ్ళ అన్నం మాడిపోయింది.